చిన్న చిల్లే కదా అనుకున్నాను

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుని మనం ఏటా ఇదే రోజున కలుసుకుంటున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, మన హక్కు అని చెప్పిన తీర్పు అది. దాని గురించీ, కరువు భత్యం గురించీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. "ఇంటి పట్టున ఉండేవాళ్లకు పనికొచ్చే విషయం ఏదైనా మీరు చెప్పండి" అని కార్యదర్శి గారు నాకు పురమాయించారు. నీళ్ల పైపు గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాసేపు ఆలోచించి "సరే, కానివ్వండి" అన్నారు. వెనక వరుసలో ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కాని ముందు నా ఎడమ చెయ్యి చూపుడువేలు చూడండి. మిగతా నాలుగూ ముడుచుకున్నా ఇది పూర్తిగా ముడవదు. పైపు చేసిన పని ఇది. పైపును అనడం కూడా న్యాయం కాదు. నేను చేతులారా చేసుకున్న పని.

నన్ను ఎరగనివారి కోసం రెండు ముక్కలు. 1972లో ట్రెజరీలో గుమాస్తాగా చేరి, 2008లో రిటైరయ్యాను. ముప్పయ్యారేళ్లు ఇతరుల బిల్లులు చూసి, సంతకం లేదనో, వోచరు జతచెయ్యలేదనో ఆబ్జెక్షన్లు రాయడమే నా ఉద్యోగం. ఈ సభలోనే నా చేత బిల్లు వాపసు తెచ్చుకున్నవారు కనీసం పదిమంది ఉంటారు. అటువంటి మనిషిని, ఆబ్జెక్షన్ రాయవలసిన చోట కళ్లు మూసుకుని పాస్ చేశాను. అదే ఈ కథ.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా నాన్నగారి హయాం నాటి కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఉద్దానంలో ఏ ఇంటిని కదిపినా ఇదే మాట. కొబ్బరీ జీడీ పోయాక మిగిలింది ఇసుకే. తరవాతి ఏడాది పెరట్లో ఆరు పొట్టి రకం కొబ్బరి మొక్కలు వేశాను. అవి కాస్త ఎదిగాయనుకునే సరికి తెల్లదోమ పట్టుకుంది. సర్పిలాకార తెల్లదోమ అంటారు. మన దేశంలో దీన్ని మొదట 2016లో గుర్తించారట. ఆకు అడుగున తెల్లగా సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది. దాని జిగురు కింది ఆకుల మీద పడి, ఆ జిగురు మీద మసి పూసినట్టు నల్లటి బూజు పడుతుంది. విచక్షణ లేకుండా మందు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు కూడా చస్తాయి. అందుకని ఆకు అడుగున నీటిని వేగంగా కొట్టి కడగమని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతారు.

మా అబ్బాయి కాశీబుగ్గలో పనిచేస్తాడు. తన వ్యాను కడుక్కోవడానికీ, నా కొబ్బరి మొక్కలకూ కలిసివస్తుందని 2023లో ఒక ప్రెషర్ మెషిన్ కొనుక్కొచ్చాడు. హైవే పక్కన వాటర్ సర్వీసింగు షాపుల్లో బళ్లు కడిగేదే, ఇంటివాడకానికి చిన్నది. ఒక పక్క కుళాయి పైపు తగిలిస్తాం. రెండో పక్క నుంచి నల్లటి సన్నటి గొట్టం, దాని కొసన తుపాకీ లాంటి పిడి. మీట నొక్కితే నీళ్లు రివ్వున కొడతాయి.

ఆ గొట్టం లోపల ఎంత ఒత్తిడి ఉంటుందో అప్పుడు నాకు తెలియదు. తరవాత తెలుసుకున్న లెక్క మీకు చెబుతాను. పది మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే కింది కుళాయి దగ్గర నీటి ఒత్తిడి సుమారు ఒక బార్. మన డాబా మీది ట్యాంకు అయితే అందులో సగమే. కారు టైరులో గాలి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ. మా మెషిన్ మీద 120 బార్లు అని రాసి ఉంది. అంటే 1200 మీటర్ల ఎత్తున ట్యాంకు కట్టినట్టు. మన మహేంద్రగిరి ఎత్తు సుమారు 1500 మీటర్లు. ఆ కొండకు అయిదింట నాలుగు వంతుల ఎత్తున ట్యాంకు పెట్టి, అక్కడి నుంచి పైపు దించి మన పెరట్లో విప్పితే ఎంత జోరో, ఆ వేలెడు లావు గొట్టంలో అంత జోరు. ఆ మాట మెషిన్ మీద అంకెల్లో రాసే ఉంది. చదివాను కూడా. గుమాస్తా అంకె చదివాడు గాని, అర్థం చేసుకోలేదు.

2024 వేసవిలో ఒకరోజు ఆ గొట్టం మీద, మధ్యలో ఒకచోట, పై తోలు గీరుకుపోయి లోపల వల లాంటి అల్లిక కనబడింది. ఎలా జరిగిందంటే అన్నీ మా నిర్వాకాలే. మెషిన్ని గొట్టం పట్టుకుని ఈడ్చేవాళ్లం. రాతిమెట్టు అంచు మీదుగా లాగేవాళ్లం. మనవడు దాని మీదుగా మోటారు సైకిలు పోనిచ్చేవాడు. పని అయ్యాక నేను గోడ మేకుకు తగిలించేవాణ్ణి. ఒకే చోట మడత పడి పడి అక్కడ బలహీనపడింది.

మా అబ్బాయి చూసి "నాన్నా, అది వాడకు. కొత్త గొట్టం తెప్పిస్తాను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. మన తరం సంగతి మీకు తెలుసు. చెప్పు తెగితే కుట్టించుకున్నాం, గొడుగు ఊచ విరిగితే కట్టించుకున్నాం, బకెట్టు అడుగు పోతే మాట్లు వేయించుకున్నాం. నాలుగు వందల రూపాయల జీతంతో పిల్లల్ని చదివించినవాళ్లం, వేలెడు చోట గీరుకుపోయిందని గొట్టం మొత్తం పారేస్తామా? సైకిలు ట్యూబు ముక్క కోసి బిగించి చుట్టాను. దాని మీద కరెంటు పనివాళ్ల టేపు, ఆ పైన బైండింగు వైరు మూడు చుట్లు. ఎంత ముచ్చటగా వచ్చిందంటే పక్కింటాయన్ని పిలిచి చూపించాను.

రెండు రోజులు పనిచేసింది. అదే నా కొంప ముంచింది. కట్టు కింద గొట్టం బొబ్బలా ఉబ్బుతోంది గాని, కట్టు ఉండబట్టి నాకు కనబడలేదు. మూడో రోజు పొద్దున్న, మెషిన్ నడుస్తుండగా కట్టు అంచు నుంచి సన్నగా పొగలాగా నీళ్లు చిమ్మాయి. సూది మొనంత చిల్లు. మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చిల్లుపడితే ఏం చేస్తాం? చేత్తో మూస్తాం. అరవయ్యేళ్ల అలవాటు. కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచెయ్యి చిల్లు మీద పెట్టాను.

చీమ కుట్టినట్టయింది. అంతే. రక్తం రాలేదు. చూపుడువేలు మొదట్లో ఆవగింజంత చుక్క. నొప్పి కూడా లేదు, కాస్త తిమ్మిరి. మెషిన్ ఆపి, స్నానం చేసి, చద్దన్నం తిని, పేపరు చదువుకున్నాను.

మధ్యాహ్నానికి వేలు బిగిసింది. సాయంత్రానికి అరచెయ్యి లావెక్కింది. మా ఆవిడ "ఏటండీ ఇది, తేలు గానీ కుట్టిందా?" అంటూ పసుపు రాసింది. రాత్రికి వేలు వంకాయలా అయిపోయి, లోపల సలుపు మొదలైంది. మోకాళ్ల నొప్పికి వాడగా మిగిలిన మాత్రలు డబ్బాలో ఉన్నాయి. రెండు వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి అదే తగ్గుతుంది అనుకుని డబ్బా తీశాను.

మా కోడలు చూసింది. ఆమెది కవిటి వైపు. వాళ్ల నాన్నగారు, అంటే మా వియ్యంకుడు, వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటారు. ఆమె ఎప్పుడూ నాకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రాత్రి నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. "మావయ్య గారూ, ఇవి డాక్టరు చెప్పకుండా మింగొద్దు. మా నాన్న ఒళ్లునొప్పులకి ఏళ్ల తరబడి ఇలాగే మింగేవారు. దాని వల్లే అని నేననను. కానీ మా ఇంట్లో ఒకరు చాలు" అంది. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా అబ్బాయి వ్యాను తీశాడు.

పలాసలో ఒక సర్జను గారు చెయ్యి చూసి, ఎలా జరిగిందని అడిగారు. చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. "ప్రెషర్ ఎంత?" అన్నారు. "నూట నలభై, తొంభై అండి. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటున్నాను" అన్నాను. "మీది కాదండీ, మెషిన్ ది!" అన్నారు. అంత బాధలోనూ నవ్వొచ్చింది. నూట ఇరవై బార్లు అని చెప్పేసరికి ఆయన నవ్వలేదు. ఎన్ని గంటలయింది, కొట్టినది నీళ్లా, నూనె గాని సబ్బు మందు గాని కలిసిందా, అన్నీ రాసుకున్నారు. "బయట చిల్లు చూసి మోసపోకూడదు. ఆ జోరుకి నీళ్లు చర్మం చీల్చుకుని లోపల నరాల పక్క నుంచి అరచేతి దాకా పోతాయి. నీళ్లతో పాటు మురికీ, క్రిములూ పోతాయి. నూనో, రంగో అయితే వేలే తీసెయ్యాల్సి రావచ్చు. నీళ్లు గనుక కొంత నయం. కాని మీరు పొద్దున్నే రావలసింది" అన్నారు. ఆ రాత్రే కోసి, లోపలంతా కడిగి, కుట్టు వెయ్యకుండా వదిలారు. రెండు రోజుల తరవాత మళ్లీ కడిగారు. తొమ్మిది రోజులు మంచం మీద. వేలు దక్కింది, వంపు దక్కలేదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ కి వేలిముద్ర వెయ్యాల్సిన మనిషిని, వేలు ఉండటమే పదివేలు అనుకున్నాను.

చెయ్యి నయమయ్యాక ఆ గొట్టం పట్టుకుని టెక్కలి వెళ్లాం. అక్కడ గ్రానైటు క్వారీలు ఉండటం చేత, క్రేన్లకూ ప్రొక్లెయినర్లకూ హైడ్రాలిక్ గొట్టాలు బిగించే పనివాళ్లు ఉన్నారు. ఒక కుర్రాడు నా కట్టు చూసి "ఎవులు కట్టినారు మాస్టారూ?" అన్నాడు. నేనే అన్నాను. "బాగా కట్టినారు గానీ, ఇది సైకిలు ట్యూబు కాదండి, పంచరు ఎయ్యడానికి" అని బ్లేడుతో కోసి చూపించాడు. లోపల నీళ్లు పోయే గొట్టం ఒకటి, దాని చుట్టూ బలానికి అల్లిక ఒకటి, పైన తోలు ఒకటి. మూడు పొరలు. "ఒత్తిడి మోసేది మధ్యలో అల్లికండి. పై తోలు దానికి చొక్కా లాంటిది. చొక్కా చిరిగితే అల్లికకి నీరూ ఉప్పుగాలీ తగిలి చెడిపోద్ది. మీరు కట్టిన టేపు చొక్కాకి మాటు ఏసింది గానీ, ఎముక ఇరిగింది కదండీ" అన్నాడు. చదువు ఎంతవరకు చదివాడో తెలియదు గాని, ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఆ కుర్రాడి దగ్గరా, డాక్టరు గారి దగ్గరా నేర్చుకున్నది వరసగా చెబుతాను. మీ ఇళ్లలోనూ పిల్లలు ఇటువంటి మెషిన్లు కొంటున్నారు. తోటలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ గొట్టానికి కూడా ఇదే వర్తిస్తుంది. రాసుకునేవారు రాసుకోండి.

ఒకటి. గొట్టం చెడింది అనిపిస్తే ముందు స్విచ్చి ఆపాలి, పొడిచేత్తో ప్లగ్గు తియ్యాలి, కుళాయి కట్టాలి. ఆ తరవాత పిడి మీట ఒకసారి నొక్కి లోపల మిగిలిన జోరు పోనివ్వాలి. మెషిన్ ఆపినా గొట్టంలో ఒత్తిడి నిలిచి ఉంటుంది. అది పోయాకే గొట్టాన్ని ముట్టుకోవాలి, విప్పాలి.

రెండు. కారే చోటు వెతకడానికి చెయ్యి పెట్టకూడదు. అనుమానం ఉంటే దూరంగా నిలబడి అట్టముక్కో, చెక్కముక్కో అడ్డం పెట్టి చూడాలి. తడి అట్ట మీద కనబడుతుంది, మన అరచేతి మీద కాదు.

మూడు. నీళ్లు ఎక్కడ కారుతున్నాయో బట్టి వైద్యం. మెషిన్ దగ్గరో, పిడి దగ్గరో బిగింపులో చుక్కలు పడుతుంటే చాలాసార్లు లోపలి రబ్బరు రింగు అరిగి ఉంటుంది. అది కొద్ది ఖర్చుతో పోయే పని, భయపడక్కర్లేదు. పై తోలు కాస్త గీరుకుని, అల్లిక కనబడకపోతే, కనిపెట్టుకుని ఉండాలి. అల్లిక కనబడినా, ఎక్కడైనా ఉబ్బినా, మడత ముద్ర పడిపోయినా, సూదిమొనంత చిల్లు పడినా ఆ గొట్టం పని అయిపోయినట్టే. టేపు, ట్యూబు, జిగురు, వైరు, ఏదీ పనికిరాదు. తోట పైపుకు వేసే క్లిప్పులు అసలే వద్దు.

నాలుగు. లోపల ఉక్కుతీగ అల్లిక ఉన్న బరువైన గొట్టమై, చెడింది కొసకు దగ్గరగా అయితే, చెడినంత మేర కోసి, కొత్త ఫిట్టింగు మెషిన్ తో నొక్కి బిగిస్తారు. ఆ పని తెలిసినవాడే చెయ్యాలి, సుత్తితో కొట్టేది కాదు. మా దాంటి తేలిక రకం ఇంటి గొట్టాలకు ఆ పని కుదరదు, కొత్తది కొనాల్సిందే అన్నాడు ఆ కుర్రాడు. బేరం పోతుందని తెలిసీ నిజం చెప్పాడు.

అయిదు. కొత్తది కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లాలి. గొట్టం మీద ఎంత ఒత్తిడి ఓర్చుతుందో అచ్చు వేసి ఉంటుంది. కొన్నిటి మీద బార్లలో, కొన్నిటి మీద పి.ఎస్.ఐ.లో ఉంటుంది. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పి.ఎస్.ఐ. ఆ అంకె మెషిన్ మీద ఉన్న గరిష్ఠ ఒత్తిడి కంటే తక్కువ ఉండకూడదు. రెండు కొసల మరలూ కలిశాయా చూసుకోవాలి.

ఆరు. దాచుకునే పద్ధతి. మేకుకు తగిలించకుండా పెద్ద పెద్ద చుట్టలుగా చుట్టి నీడన పెట్టాలి. మన సముద్రపు గాలికి ఇత్తడీ, ఇనుమూ ఊరికే చిలుం పడతాయి. బిగింపులు మంచినీళ్లతో కడిగి తుడవాలి. ఎలుకలు కొరక్కుండా చూసుకోవాలి.

ఏడు, అన్నిటికంటే ముఖ్యమైనది. పొరపాటున ఆ ధార ఒంట్లోకి దిగితే, చుక్క రక్తం రాకపోయినా, నొప్పి లేకపోయినా, ఆ గంటలోనే సర్జను ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. పిసకకూడదు, పిండకూడదు, గట్టిగా కట్టకూడదు. చెయ్యి పైకెత్తి పెట్టుకోవాలి. ఆపరేషన్ అవసరం పడొచ్చు గనుక ఏమీ తినకుండా వెళ్లాలి. చూసేవారు "చిన్న గాయమే" అన్నా, ఎంత ఒత్తిడి మెషినో, ఎన్నింటికి తగిలిందో మనమే నోరువిప్పి చెప్పాలి. నేను పొద్దున్న తగిలించుకుని రాత్రికి వెళ్లాను. నాకు ఈ వేలు మిగలడం అదృష్టం.

ఇక మాత్రల సంగతి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొన్ని దశాబ్దాలుగా మన ఇళ్లను పీడిస్తోంది. దానికి కారణం ఇదే అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేది ఎప్పుడైనా, తెలిసిన సంగతి ఒకటుంది. నొప్పి తగ్గించే మాత్రల్లో చాలా రకాలు కిడ్నీలకు రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. పెద్ద వయసులో, బీపీ మందులు వాడేవారికి, ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినవారికి ఆ ముప్పు ఎక్కువ. మన సభలో ఈ మూడూ లేనివారు ఎంతమంది? డాక్టరు రాస్తే వేసుకోండి, డబ్బాలో మిగిలాయని వేసుకోకండి.

ఆస్పత్రిలో పడుకుని నేను ఆలోచించింది ఇదే. ముందు గొట్టానికి టేపు చుట్టాను. రాత్రి వేలికి మాత్ర వెయ్యబోయాను. రెండూ ఒకే రకం పని. ఉబ్బు కనబడకుండా టేపు, నొప్పి తెలియకుండా మాత్ర. లోపల జోరు ఎంత ఉందో అడగలేదు. చిల్లు ఎంత ఉందో చూశానే గాని, దాని వెనక ఏముందో చూడలేదు. నా సీట్లో ఉన్నప్పుడు, ఎంత చిన్న వోచరైనా వెనక కాగితాలు తిప్పి చూడకుండా సంతకం పెట్టేవాణ్ణి కాదు.

బాగుచేసి వాడుకోవడం మన తరం గుణం. దాన్ని వదులుకోమని నేను చెప్పను. ఈ రోజుకీ నా గొడుగు మాట్లుపడినదే. కాని తెగితే మన చేతిలో ఊడివచ్చేవి వేరు, తెగితే మన చెయ్యి తీసుకుపోయేవి వేరు. ఆ రెండూ విడదీసి చూసుకుందాం. గొట్టం మిగులుద్దామని పోతే, దాని ఖరీదుకు ఎన్నో రెట్లు ఆస్పత్రిలో అయింది. అన్నిటికంటే, "వాడకు నాన్నా" అన్న కొడుకు మాటా, డబ్బా లాక్కున్న కోడలి మాటా వినడం మనకు చిన్నతనం కాదు. ఆ అమ్మాయి ఈ రోజు సభకు వచ్చింది. ఆ మూల కూర్చుంది. ఇంట్లో ఇంతవరకు నేను చెప్పలేదు. అందరి ముందూ చెబుతున్నాను, అమ్మా, నీకు ఋణపడి ఉన్నాను.

ఆ గొట్టం ముక్క, నా కట్టుతో సహా, సంచిలో తెచ్చాను. టీ విరామంలో బల్ల మీద పెడతాను. కోసిన చోట మూడు పొరలూ కనబడతాయి, చేత్తో పట్టుకుని చూడండి. ఇప్పుడు దానిలో ఒత్తిడి లేదు, భయం లేదు.